అతుకు

గుణుపురం బస్టాండు వెనక సందులో
మా స్టూడియో డాబా మీద
మూడుకాళ్ళ స్టాండు. ఒక కాలికి ఇటుక ఆసరా.
వంశధార మీంచి గాలి తగలకుండా
కెమెరా సంచినే బరువుకి వేలాడదీశాను.

విదియ.
కొండ వెనక్కి జారడానికి గంట కూడా లేదు.

మొదట సెకనులో నూట పాతికో వంతు.
వంక వచ్చింది, సాన పట్టిన కొడవలిలా,
అంచున గుంటలు లెక్కపెట్టుకోవచ్చు.
మిగతా చంద్రుడు లేడు.

తర్వాత ఒక సెకను. నిండు సెకను.
బూడిదరంగు గుండ్రం మొత్తం తేలింది.
మన నేల మీంచి వెళ్ళిన వెలుగట అది,
మనమిచ్చిన చేబదులు
అక్కడ తగిలి మళ్ళీ మనకే వచ్చిందట.
కానీ వంక?
పొయ్యి మీద మరిచిపోయిన పాలలా
తెల్లగా పొంగిపోయింది.

రెంటినీ కిందికి తెచ్చి
ఒకదాని మీద ఒకటి పరిచాను.
కుదరలేదు. నేను మీట తిప్పేలోగా
ఆయన తన దారిన తాను జరిగాడు,
వెంట్రుకవాసి.

నాకు కొత్త పనేం కాదు.
మొన్న మాఘంలో పాత్రో గారింటి పెళ్ళి గ్రూపులో
పెళ్ళికొడుకు మేనమామ కళ్ళు మూసుకుంటే
పక్క ఫోటోలోంచి కళ్ళు తెచ్చి పెట్టాను.
ఎవరూ కనిపెట్టలేదు.
ఆయన భార్య మాత్రం చాలాసేపు చూసి
"ఈయన నా పక్కకి ఎప్పుడు సూశాడు ఇలాగ?" అంది.
డబ్బులిచ్చి వెళ్ళిపోయింది.

బ్రష్షు మెత్తగా పెట్టి
వెలుగు దగ్గర మొదటిది, నీడ దగ్గర రెండోది
తుడుస్తూ, చెరుపుతూ, పదకొండు దాటింది.
ఎంత తుడిచినా రెండూ కలిసే చోట
సన్నటి తెల్లగీత.

పనిలో ఉన్న పిల్ల సుకంతి గొమాంగో
రేపటి ఆధార్ ఫోటోలు కత్తిరిస్తూ తలెత్తింది.
ఇంట్లో సవర, బళ్ళో ఒడియా, నాతో తెలుగు,
గిరాకీతో ఏది అందితే అది.
"కుట్టు కనబడతంది సార్."
ఆగి, "రెండిట్లో ఏది నిజం?"
రెండూ, అన్నాను.
కాసేపాగి, ఏదీ కాదేమో, అన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది,
పర్లాకిమిడిలో మా మేనత్త సన్యాసమ్మ
విదియ పొడుపు చూసిందంటే
కొంగు చివర ఒక పోగు లాగి
ఆకాశం వైపు వదిలేది.
పాతది పట్టుకెళ్ళి కొత్తది ఇయ్యి సామీ, అని.
ఆ పోగు ఎక్కడ పడిందో
ఎవరం వెతకలేదు.

చెరపడం ఆపేశాను.
సుకంతికి సగం తెలుగులో, సగం ఒడియాలో చెప్పాను.
పోగుకి ఒడియా మాట తోచేలోగా కరెంటు పోయింది.
"సేవ్ చేశారా?" అంది చీకట్లోంచి.

పొద్దున ప్రింటు తీసి గాజు తలుపుకి అంటించాం.
పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినాయన
దగ్గరికెళ్ళి గోటితో గీకి చూశాడు.
"వెంట్రుకేదో అంటుకుంది."
"దారమండీ," అంది సుకంతి,
స్టూలు ఆయన వైపు జరుపుతూ.
ఎవరి చీరదో మాత్రం చెప్పలేదు.