టార్గెట్ దాటినందుకు

ఏడాదిలో రెండువేల టన్నులు అమ్మితే
అండమాను చూపిస్తామన్నారు కంపెనీవాళ్ళు.
ఎర్రగుంట్ల స్టేషన్ రోడ్డులో మా సిమెంటు అంగడి.
మార్చి ముప్పై ఒకటి, రాత్రి పదిన్నరకు
ఆఖరు లారీ కాటా దిగేసరికి
రెండువేల మూడు.
ఆ మూడు టన్నులే నన్ను సముద్రంలోకి దింపినాయి.

సర్టిఫికెట్టు మీద పేరు మాయనది.
ఆయన దిగలేదు, చెవి నొప్పన్నాడు.
నేను ఎక్కువ అడగలేదు.

నల్ల రబ్బరు తొడుగులో నన్ను ఇరికించి
నడుముకు సీసపు బిళ్ళలు కట్టినాడు తవిటినాయుడు.
తాతలది శ్రీకాకుళం, వాడు పుట్టింది ఆ దీవిలోనే.
నన్ను "అప్పా" అంటాడు.
మా తట్టు అది మగోళ్ళ పిలుపు.
వాళ్ళకు అక్క అంట. సరేలే అన్నా.

ఈ నడుముకే ఒకప్పుడు కిత్తనార బెండ్లు కట్టి
చిలంకూరు బావిలో ఈత నేర్పినాడు ఓబులేసు మామ.
మూడోనాడు చెప్పకుండా ముడి విప్పి తోసేసినాడు.
అప్పుడు తేలడానికి కట్టించుకుంటి.
ఇప్పుడు మునగడానికి కట్టించుకుంటాండా.
ఆ బావిని ప్లాట్లేసి పూడ్చినారు.
పూడ్చిన గోడకు సిమెంటు మాదే.

"ఊపిరి మాత్రం బిగబట్టొద్దప్పా" అన్నాడు.
మూట పగిలిందంటే బిగబట్టడమే
ముప్పై ఏండ్ల మా అంగడి చదువు.
దాన్ని మరిచిపోను పది నిమిషాలు పట్టింది.

దిగినాం.
చెవులు టపుక్కుమన్నాయి. లారీల మోత లేదు.
నా ఊపిరి నాకే
దూరాన ఎవరో కొలిమి తిత్తి ఊదినట్టు.

ఆపైన, ఏమని చెప్పేది,
దుప్పి కొమ్ములు అడివంత.
కోసిపెట్టిన కోసుగడ్డలు. పసుపు ముద్దలు.
ఎర్ర సీర అంచు ఒకటి దానంతటదే కదిలి
చేపై పోయింది.
సంతోషం పట్టలేక బొటనవేలు పైకెత్తినా,
లారీని "పోనీ" అనే మాదిరి.
వాడు నన్ను పట్టుకుని పైకి లాగబట్టె.
ఆ లోకంలో దానర్థం "పైకి పోదాం" అని
ఒడ్డున చెప్పినాడు గదా, నేనే మరిస్తి.
రెండు చేతులూ ఊపి వద్దు వద్దంటే
అద్దం వెనకాల నవ్వు వాని కండ్లల్లో.

పచ్చని చేప ఒకటి రాయిని కొరుకుతాంది.
కటకట కటకట, నీళ్ళల్లో వినపడతాంది.
కొరికి, మింగి, తోకకింద తెల్లని ఇసుక వదిలింది.
మా ఊరి క్రషరు గుర్తొచ్చింది.
కాకుంటే దీనికి కరెంటు బిల్లు లేదు.

ఇంగొంచెం పోతే అంతా తెలుపు.
కొమ్మలన్నీ ఉండాయి. రంగు లేదు, చేప లేదు.
ఫ్యాక్టరీ పక్కన మా యాపచెట్ల తెలుపు నాకు తెలుసు,
ఒక్క వానకు పోతాది.
దీనిమీద ఇంత సముద్రముండీ పోలేదు.
"ఎండలకి చచ్చిపోయిందప్పా" అన్నాడు, పడవలో.
ఏటికి ఎంత పెరుగుతాదిరా అంటే
చిటికెనవేలి గోరు చూపించినాడు.

మా అంగడి గడప బండ వేంపల్లె తట్టుది.
ఒకసారి రాళ్ళ మేష్టరొకాయన రసీదు రాయించుకుంటా
దానిమీద సీసాలో నీళ్ళు వొంపి మోకాళ్ళమీద కూచున్నాడు.
"చూడమ్మా, ఇది నీళ్ళల్లో పెరిగిన రాయి.
ఈ మెట్ట అంతా ఒకనాడు సముద్రం."
పాపం ఎండదెబ్బ అనుకుని మజ్జిగిచ్చి పంపిస్తి.

దినామూ తొక్కే బండ.
కోసుగడ్డను అడ్డంగా కోసినట్టు
సుట్లు సుట్లుగా గీతలు.

యాభై కేజీల మూటకు ఎన్ని గోర్లు?
బిల్లు పుస్తకంలో ఆ గడి లేదు.

ఈ ఏడు మూడువేల టన్నులంట, మాల్దీవులంట.
ఫోను వచ్చింది. చూస్తామన్నా.

పొద్దున్నే గడప కడిగేటప్పుడు
రెండు చెంబులు ఎక్కువే పోస్తాండా.
తడి ఉన్నంతసేపే ఆ సుట్లు కనపడేది.
"ట్యాంకరు ఏడునూర్లు" అంటాడు లోపల్నుంచి మాయన.
అననీ.
ఇంగో చెంబు.