ముప్పావు

రేడియోలో ప్రోగ్రాం టైము చెప్పి,
గుమ్మం దాటాక ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగినవాడిలా
అనౌన్సరు అంటాడు:
"చాథమ్ దీవుల్లో ముప్పావు గంట తర్వాత."
ఆ 'తర్వాత'లోనే ఉంది మా ఊరు, వైటంగి.
ఒక రేవు, ఒక కొట్టు, నేను చేపలు కోసే షెడ్డు,
గాలికి ఒకవైపే ఒరిగి పెరిగిన అకీయకీ చెట్లు.
ఓడ మంగళవారం వస్తుందంటారు.
ఏ మంగళవారమో సముద్రం చెప్పాలి.

నా కూతురు తైమానా, తొమ్మిదేళ్లది,
వల బెండు ఒకదాన్ని భూమిని చేసి
మేమున్న చోట దబ్బనం గుచ్చింది.
అవతల ఫ్రాన్సులో, దక్షిణపు కొండల మధ్య
లె విగాన్ అనే ఊళ్లో తేలింది మొన.
"అక్కడెవరుంటారు?"
చేతుల నిండా పొలుసులు, నాకేం తెలుసు.
"రాసి చూడు" అన్నాను.
కవరు మీద రాసింది:
పోస్టాఫీసు వరసలో మొదటి మనిషికి.

ఆ మనిషి ఫుల్‌క్రాన్. ఉల్లి రైతు.
డెబ్భై ఒకటో ఏట స్టాంపుల కోసం నిలబడ్డాడు.
ఏడు వారాలకి జవాబొచ్చింది,
బడిలో నేర్చి బడిలోనే వదిలేసిన ఇంగ్లీషులో:
"నీ సూది కాస్త పక్కకి పోయింది, అమ్మాయీ.
నా ఉల్లిమడి కొండకి ఇవతల.
అయినా మడమలో ఏదో గుచ్చుకున్నట్టే ఉంది."
కింద ఫోన్ నంబరు.

ఇక శనివారాలు ఫోన్లు.
మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే, టైమెంత?
అతను అంకె చెప్పడు.
"సంతలో గుడారాలు ఇంకా విప్పలేదు."
"రొట్టెలైపోయాయి, ఆలస్యంగా లేచినవాళ్లు తిట్టుకుంటున్నారు."
"కొట్లు మూశారు. ఊరంతా కునుకు, కుక్కతో సహా."
నేనూ నేర్చుకున్నాను.
"పడవలు లోపలికొచ్చాయి."
"వేకా పక్షి ఇంకా ఉడకలేదు, మొండిది."
మే నెలలో అతను నారు ఒక్కొక్క మొక్కే నాటి
నడుం పట్టుకుని మూలుగుతుంటే
నేను దుప్పటి కింద కాళ్లు ముడుచుకుని వినేదాన్ని.
జనవరిలో మా కిటికీలు బార్లా తెరిచి ఉంటే
ఫోన్లో అతని పొయ్యి చిటపటలు.

గడియారాలతో మాత్రం తంటా.
మేం సెప్టెంబరులో ముందుకి జరుపుతాం,
వాళ్లు అక్టోబరులో వెనక్కి.
మధ్యనున్న భూమి అంతే మందం,
మా తేడా మాత్రం పదీముప్పావు, పదకొండూముప్పావు,
పన్నెండూముప్పావు.
గంటలు వస్తుంటాయి, పోతుంటాయి.
ముప్పావు కదలదు,
అద్దెకున్నవాళ్లు మారినా
ఇల్లు వదలని పిల్లిలా.

నవంబరులో ఒకసారి అతను లెక్క తప్పాడు.
అర్ధరాత్రి దగ్గర పడుతుంటే ఫోను మోగింది.
మూడో మంగళవారం కూడా ఓడ రాలేదప్పటికి.
కొట్లో పిండి లేదు, పెట్రోలు సగం సగం.
నేనెలాగూ మెలకువగానే ఉన్నాను, కోపంగానూ ఉన్నాను.
"హినెవాయీ, మాట్లాడకు" అని
ఫోను కిటికీ బయట పెట్టినట్టున్నాడు.
చర్చి గంట.
మా గాలి హోరులో పది లెక్కపెట్టాను.
తర్వాత ఏమీ లేదు.
ఎక్కడో సైకిలు, ఎవరో ఎవరినో పిలిచారు.
పెట్టేద్దామనుకున్నాను.
మళ్లీ గంట, మొదటి నుంచీ.

"మా దగ్గర రెండుసార్లు కొడతారు,"
అన్నాడు, లోపలికొచ్చి.
"మడుల్లో వంగి ఉన్నవాళ్లు
మొదటిది సరిగ్గా వినరు కదా."

రెండోసారి పదకొండు.
ఓడ సంగతి చెప్పలేదు అతనికి.
తైమానా నిద్రలో ఒత్తిగిలింది.
వంటింటి గడియారం చూశాను.
పన్నెండుకి పదమూడు నిమిషాలు.