లస్కర్ చెప్పిన తొవ్వ

సూర్యాపేట బైపాస్ మీద
లారీ గాలికే నా హ్యాండిల్ వంకర పోయింది.
రెండోసారి కాలు కింద పెట్టినప్పుడు
అంతయ్య మాట యాదికొచ్చింది:
"బ్రిడ్జి దాటకు బిడ్డా, బ్రిడ్జి కిందికి దిగు.
మూసీ కాల్వ కట్ట పట్టుకో.
అది ఎటు తిరిగితే నువ్వటు తిరుగు,
ఎవన్నీ అడిగే పని లేదు."

దిగిన.
నాలుగు తొక్కులకే హారన్లు
పక్కింటోళ్ళ కొట్లాట లెక్క దూరమైనయి.
ఇగ చైను చప్పుడు,
గడ్డి పెడలుకు ఒరుసుకునే చప్పుడు,
తూటికాడల సందుల ఆగి ఆగి పోతున్న
ఇంత పట్నం నురగ.

ఈ సైకిల్ అంతయ్యదే.
ఇరవై తొమ్మిదేండ్లు ఈ కట్ట మీదనే తిరిగింది.
ముందు చక్రానికి ముప్పై రెండు పుల్లలు,
ఎనక దానికి నలభై.
"బరువంతా ఎనకనే ఉంటది, మనిషికైనా" అంటడు.
షట్టర్ తిప్పే ఇనుప చెయ్యిని కట్టిన తాడు గుర్తు
నడిమి రాడ్డు మీద ఇంకా ఉంది.
శుక్లాల ఆపరేషనైనంక దుమ్ముల తిరగొద్దన్నరట.
బ్యాంకు కౌంటర్ మీద పింఛన్ పాస్‌బుక్ పెట్టి
"మేడం, సైకిల్ తుప్పు పడుతుంది, తొక్కుతవా?" అన్నడు.
గాలి కొట్టుడు నేర్పినంక
మేడం పోయి బిడ్డా అయింది.

అంతయ్య మ్యాపుల కిలోమీటర్లు లేవు,
తూములున్నయి.
మూడో తూము కాడ నీళ్ళు తాగు.
ఐదో తూము కాడ దిగి నడువు,
నల్లరేగడి, చినుకు పడితే టైరును మింగుతది.
ఏడో తూము కాడ కుక్క ఉంటది,
పేరు పెట్టి పిలిస్తే ఊకుంటది.
పేరు చెప్పుడు మర్సిండు.
నాకొచ్చిన పేర్లన్నీ పిలిచిన.
"మేనేజర్" అన్నంక తోకాడించింది.

ట్రాఫిక్ అంటే ఒక్కటే:
కోసిన వరి మళ్ళ నుంచి కట్టెక్కిన
మూడొందల బాతులు,
ఎనక విరిగిన గొడుగుతో ఒక పిలగాడు.
అవి పోయేదాకా నిలబడ్డ.
ఎవరికీ తొందర లేకుండె,
నాకైతే అసలు లేకుండె.

నాగులపాడు శిఖరం యాపల మీంచి
కొంచెం కనబడంగనే
బొటనేలు దానంతటదే బెల్లు కొట్టింది.
అంతయ్య రోజూ ఈడ కొట్టేటోడట.
"మొక్కు తీరె, డ్యూటీ తీరె."

లోపల నల్లరాతి స్తంభం.
ఎవరు నునుపు చేసిన్రో, ఎన్నేండ్లు చేసిన్రో,
నా చెమట మొఖం కనబడ్డది,
ఎనక వాకిట్ల నిలబెట్టిన సైకిల్ కూడా,
సన్నగ, పుల్లలతో సహా.
కింద వరుసల ఏనుగులు, ఆడుతున్న ఆడోళ్ళు.
ఒక ఏనుగు చెవి కాడ ఉలి జారిన గీత.
ఆ గీత మీద ఎంతసేపు వేలు పెట్టిన్నో!
చెక్కినాయన దాన్ని దాచలే.

పొద్దుగూకినంక అంతయ్యకు చెప్పిన.
"ఇన్నేండ్లు పక్క నుంచే పోయినవ్,
ఒక్కసారన్న లోపలికి పోలే?"
పుల్లలల్ల ఇరికిన గడ్డి తీసుకుంట
"డ్యూటీల ఉన్నోనికి గుడేంది" అన్నడు ముందు.
ఇంకో రెండు గడ్డిపోచలు తీసినంక,
"చిన్నప్పుడు మమ్ముల ఎవడు రమ్మన్నడు?
పెద్దయినంక నాకే బుద్ధి కాలే."

ఫోన్ల ఫొటో చూపించిన.
దూరం పెట్టి చూసిండు, దగ్గర పెట్టి చూసిండు.
ఏనుగులను చూడలే, నన్నూ చూడలే.
"రాతిల సైకిల్ మంచిగ పడ్డది" అన్నడు.

అసలు సంగతి అటెన్క అడిగిండు:
"తొమ్మిదో తూము షట్టర్ కారుతుందా ఇంక?"
కారుతుంది, కింద తడి నిలిచింది,
ఎవరో పుదీన పెట్టుకున్నరు అన్న.
"ఎవరు?"
తెల్వదు.
"ఈసారి పోయినప్పుడు అడుగు.
గ్రీజు పెట్టి పెట్టి సచ్చిన దాన్ని ఆపనీకి.
పుదీనంట!"
అని వంగి,
ఎనక టైరును బొటనేలుతో ఒత్తి చూసిండు.