ముద్దాయిలు: ఆరువందల పన్నెండు డబ్బాలు

బాల్టిమోర్ రేవు పక్క గోదాములో
డబ్బాలను అరెస్టు చేశారు.
నవ్వకండి.
కోర్టు కాగితంలో అలాగే ఉందట:
అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఒక పక్క,
ఆరువందల పన్నెండు టమాటా డబ్బాలు ఇంకో పక్క.
యజమాని పేరు బోనులో లేదు.

నేను బ్రోనిస్లావాను.
లేబుళ్ళు అంటించేదాన్ని,
వందకు రెండు సెంట్లు.
పిండి జిగురు, వెడల్పు కుంచె,
అంచు పట్టి ఒక్క దొర్లింపు.
బొటనవేలితో ఒకసారి నిమిరితే
గాలిబుడగ అన్నది ఉండేది కాదు.
నా చేతి డబ్బా
కొత్త చొక్కా తొడుక్కుని
చర్చికి బయల్దేరిన పిల్లాడు.

పోజ్నాన్ నుంచి ఓడ దిగేనాటికి
ఇంగ్లీషు ముక్క రాదు నాకు.
ఆ లేబులే నా పలక.
ముందు గుండ్రటి అక్షరాన్ని పట్టుకున్నాను,
పండులాగే ఉందని.
మిగతావి దాని తోక పట్టుకుని వచ్చాయి.
మూడో వేసవికి కూడబలుక్కున్నాను:
ఏరినవి. పండినవి. స్వచ్ఛమైనవి.
ఆ రాత్రి మా స్టాషెక్‌కి చదివి వినిపిస్తే
వాడు చప్పట్లు కొట్టాడు.

తొక్క తీసే షెడ్డు వాళ్ళకు తెలుసు.
బల్ల కింద తొట్టిలో పడ్డవన్నీ,
తొడిమలూ బూజు మచ్చలూ,
చీకటి పడ్డాక
నీళ్ళతో, ఎర్రరంగుతో ఉడికేవి.
నాకూ తెలుసు.
వాసనకు తర్జుమా అక్కర్లేదు.
అయినా వందకు రెండు సెంట్లు.

ఇన్‌స్పెక్టర్ టటిల్ వచ్చాడు,
సన్నటి మనిషి, జలుబుతో.
ఒక డబ్బాకు చిల్లు పొడిస్తే
బుస్సుమని ఆయన కఫ్‌ల మీద కక్కింది.
రుమాలు అడ్డుపెట్టుకుని ఏదో రాసుకున్నాడు.
పెట్టెల మీద స్వాధీనం నోటీసు అంటించాడు,
వంకరగా, మూలలు లేచి,
నడిమధ్య బొబ్బలతో.
నా బొటనవేలు దురద పెట్టింది.
ఆయన వెళ్ళాక
ఎవరూ చూడకుండా సాపు చేశాను.

వాయిదా నాడు
అవి మావే అన్నవాళ్ళు లేరు.
రెండు నేరాలట:
సరుకు కుళ్ళింది, పేరు తప్పు.
కుళ్ళు వాళ్ళది.
పేరు నా చేతిది.

గొడ్డళ్ళతో పగలగొట్టి సున్నపు గుంటలో పోశారు.
చుట్టూ పిల్లలు, ముక్కులు మూసుకుని, మెడలు చాచి.
లేబుళ్ళు నాని ఊడి
ఎర్రటి నీళ్ళ మీద తేలాయి,
నా మూడు మాటలూ వెల్లకిలా పడుకుని.
ఒక్కటి కూడా చిరగలేదు.
సిగ్గు పడాల్సిన చోట
కాస్త గర్వపడ్డాను.

ఆ శనివారం కూలి లేదన్నాడు మేస్త్రీ.
బదులుగా ఏడు డబ్బాలిచ్చాడు,
సొట్టలు పడ్డవి, లేబుల్ లేనివి.
మంచం కింద ఉన్నాయి.
వాటి మీద ఏ కేసూ నిలవదు.
అవి తమ గురించి
ఏమీ చెప్పుకోలేదు.

ఈ రాత్రి ఒకటి తెరుస్తున్నాను.
స్టాషెక్ చెంచా పట్టుకుని కూర్చున్నాడు.
"దీని మీద ఏం రాసుంది, అమ్మా?"
ఉండరా,
ముక్కుతో చదువుతున్నాను.