వెనక చక్రం

చందంపేట బడి నుంచి దేవరకొండకు వస్తుంటే
వారం రోజులుగా వెనక ఎడమ పక్క ఒకటే గీకుడు,
మొలతోని పలకను గీరినట్టు.
పాటల సౌండు పెంచి వినలేదనుకున్న.
ఆదివారం పొద్దున నేను గేటు తియ్యంగనే
ఎదురింటి బిక్షమయ్య తాత అన్నడు:
"బిడ్డా, ఇనుము ఇనుమును తింటున్నది."

ముప్పై ఏండ్లు డిపోల బస్సుల కింద పండుకున్న మనిషి.
ఇప్పుడు మోకాళ్లు వంగవు.
చిన్నప్పుడు మర్రిగూడ బోరు నీళ్లు తాగిన ఎముకలు.
మెడ తిరగదు;
నా దిక్కు చూడాలంటే మొత్తం మనిషే తిరగాలె.
ప్లాస్టిక్ కుర్చీని మా ప్రహరీ నీడకు జరుపుకున్నడు.
"నేను చెప్త. నువ్వు చెయ్యి."

షోరూమోళ్లు ఆరు వేలన్నరు.
నల్లగొండ గడియారం సెంటరు వెనక దుకాణంల
ప్యాడ్ల జత డబ్బా పదమూడు వందల యాభై.
మిగిలిన లెక్క నా చేతులది.

ముందు టైర్లకు రాళ్లు పెట్టిన,
వంటింటి గట్టుకు కొయ్యంగ మిగిలిన గ్రానైటు ముక్కలు.
"హ్యాండ్ బ్రేకు?"
"ఏసే ఉంది తాతా."
"దించు. పట్టుకున్నదాన్ని ఎవరన్న ఇప్పుతరా?"
జాకీ ఎత్తకముందే నట్లు వదులు చెయ్యాలంట.
పాన మీద ఎక్కి నిలబడితే
నా అరవై ఎనిమిది కిలోలు మొదటిసారి పనికొచ్చినయి.

చక్రం తీస్తే నల్లటి దుమ్ము.
ఊదబోయిన.
"ఊదకు!" కుర్చీ కిర్రుమన్నది.
పాత లంగా ముక్క తడిపి తుడిచిన.
కాలిపర్ విప్పితే చేతుల పసిపిల్ల బరువు.
"పైపుకు ఏలాడనియ్యకు. తెగుతది."
బట్టల తీగ కోసి స్ప్రింగుకు కట్టిన.

బయటి ప్యాడు బాగనే ఉంది.
ఇన్ని రోజులు వంగి చూసింది దాన్నే.
లోపలిది రేకు. ఉత్త రేకు.
తాత చేతికిస్తే బొటనవేలితో తడిమి
"పిన్ను పట్టేసింది. బరువంత ఒక్కటే మోసింది" అన్నడు.
"ఇన్నేండ్లకు ఎరుకైందా?" అని
లోపలి నుంచి సత్తెమ్మ అవ్వ.
ఆమె మమ్మల్ని చూస్తలేదు, బియ్యం చెరుగుతున్నది.

ఇగ పిస్టను.
క్లాంపు బిగించి నెట్టిన. కదలలే.
ఇంకో మర బిగించిన. చెమట కండ్లల్లకు దిగింది గాని
అది దిగలే.
తాత చానాసేపు ఊకున్నడు.
"ముందటిదా, ఎనకదా?"
"ఎనకది."
"ఎనకది నెడితే పోదు బిడ్డా. నెట్టుకుంట తిప్పాలె."
"ఎటు?"
ఏ దిక్కో మాటల్ల చెప్పరాలేదేమో
గోడ పట్టుకొని లేచిండు.
సందు నడుమ నిలబడి
మెడ, నడుము, మోకాళ్లు అన్నీ ఒక్కటే కట్టెగ
అడుగు పక్కన అడుగు వేసుకుంట
కుడి దిక్కు మెల్లగ ఒక చుట్టు తిరిగిండు.
పాల పిల్లగాడు సైకిలు ఆపి నిలబడ్డడు.
"గిట్ల."

పిస్టను ముఖం మీది రెండు గాట్లల్ల
పట్టకారు మొనలు పెట్టి ఒత్తి తిప్పిన.
ఇసుమంత.
ఇంకింత.
పోయింది, ఇంట్లకు పోయినట్టు.

కొత్త ప్యాడ్లు, పిన్నులకు గ్రీసు, చక్రం, నట్లు.
తాళంచెవి అందుకుంటే తాత దగ్గిండు.
"ఒక కాలుకే చెప్పేసుకొని బజారుకు పోతవా?"
కుడి పక్క అర్ధగంటల అయింది.
ఆ అర్ధగంట ఆయన ఒక్క మాట మాట్లాడలే.

"ఇప్పుడే నడపకు. తొక్కు."
తొక్కిన. పెడలు అడుగు దాక దిగింది.
గుండె దానెంట పోయింది.
"ఇంకోసారి."
"ఇంకా."
అయిదోసారికి అరికాలి కింద ఏదో లేచి
ఎదురు నిలబడ్డది.

అద్దాలు దించి సందు చివర దాక పోయిన.
బోరింగు కాడ తొక్కితే ఆగింది.
సప్పుడు లేదు.
వెనక అద్దంల తాత:
ఇటు తిరగలే, ఎందుకు తిరుగుతడు,
గోడ దిక్కే మొఖం, చెవి మాత్రం రోడ్డుకు.
చెయ్యెత్తి కుర్చీ చేతి మీద రెండు సార్లు చరిచిండు.
"రైట్... రైట్."