నాలిక చివర

అంకుడు కర్ర కోస్తే పాలు కారతాయి.
నీడన నెలల తరబడి పడుకోబెడితే
పాలు ఇంకుతాయి, బరువు దిగుతుంది,
గోటితో మీటితే పలుకుతుంది.
అప్పుడే ఎక్కించాలి మిషను మీదకి.
ఇది నా మాట కాదు,
దాలమ్మత్తది.

ఏటికొప్పాకకి నేను కోడలిగా వచ్చిన ఏడు
ఆవిడకి ఒక కన్ను పోయింది,
రెండోది చెప్పులేసుకుని గుమ్మంలో నిల్చుంది.
అయినా తిరిగే కర్రకి లక్క ఆనిస్తే
కరిగిన వాసన పట్టి "సాలు, తియ్యి" అనేది.
మొగలాకు మడిచి రుద్దుతుంటే
మెరుపొచ్చిందో లేదో
చప్పుడులో వినేది.

ఇక ఆఖర్న
బుట్టలో పడబోయే ప్రతి బొమ్మనీ
నాలిక చివర ఆనించి
కాసేపు ఊరుకునేది.
బొంగరం, ఏనుగు, గిలక్కాయ,
పెళ్ళివారు చెప్పిన కుంకుమ భరిణె కూడా.

"భరిణె ఎవరు నాకుతారత్తా?"
"పెళ్ళయ్యేక ఇంటికొచ్చేదెవులే?
గుంటలే గదా."

పసుపు ధర మండిపోయిన సంవత్సరం
మా ఆయన పూర్ణామార్కెట్ నుంచి
రంగు డబ్బాలు తెచ్చాడు.
జాఫ్రా గింజలు నానబెట్టక్కర్లేదు,
కరక్కాయ కాచక్కర్లేదు,
మూత తీస్తే చాలు, ఎరుపంటే ఎరుపు.
బీచిరోడ్డు దుకాణం పట్నాయక్ గారు
రెండొందల గిలక్కాయలు కావాలన్నారు.
నాలుగు రోజుల్లో తేల్చేశాం.

అయిదో రోజు దాలమ్మత్త ఒకటి అందుకుంది.
ఉమ్మలేదు. తిట్టలేదు.
ఇంకోటి. మరోటి.
పన్నెండో దాని దగ్గర ఆగి
నీళ్ళు అడిగింది.

మర్నాడు తెల్లారకముందే మిషను చప్పుడు.
వెళ్ళి చూస్తే, ఉలి పట్టుకుని
ఎరుపుని ఒలిచేస్తోంది,
చామదుంప చెక్కు తీసినట్టు.
జుట్టునిండా ఎర్ర పొట్టు.
"పొయ్యిలో పడేస్తే పోయేది కదత్తా!"
"కర్రేటి సేసిందే పాపం?"

వారం పట్టింది.
నేను కూడా కూర్చున్నాను, మా ఆయన కూర్చోలేదు.
మూడో రోజు సాయంత్రం వచ్చి
ఏమీ మాట్లాడకుండా
పసుపు కొమ్ములు దంచడం మొదలెట్టాడు.

పట్నాయక్ గారు సంచి విప్పి
"చిన్నవైపోయాయేంటి, దాలమ్మా?"
"గుంటల సేతులూ సిన్నయ్యే గదా బాబూ."
డబ్బులు మాత్రం తగ్గించే ఇచ్చారు.

ఇప్పుడు ఆవిడ లేదు.
వరాహ ఒడ్డున పొగైపోయి ఆరేళ్ళు.
విశాఖలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడల్లా
బస్సు మీద బుట్టలేసుకుని నేనే వస్తాను.
ఉప్పుగాలికి లక్క మసకేస్తుంది,
గంటకోసారి తుడవాలి.

నిన్న, చంకలో పిల్లాడు
తల్లి బేరమాడుతుండగానే
పచ్చ గిలక్కాయ లాక్కుని నోట్లో పెట్టేశాడు.
"ఛీ ఛీ, తుపుక్కు! ఎవరెవరు ముట్టుకున్నారో!"
అని ఆవిడ లాగింది.
వాడు వదలడే.

కొంగుతో తుడిచి మళ్ళీ వాడి చేతికే ఇచ్చాను.
నీలీ పసుపూ కలిపిన ఆకుపచ్చమ్మా,
ఏం కాదు, అన్నాను.
వాడికంటే ముందు
అది ఎవరి నాలిక మీద ఆగిందో
చెప్పలేదు.

చెబితే కొంటుందా?