ముక్కు ముందు పోతుంది

మా తాత ఇల్లోజు సింహాద్రాచారికి ఇంగ్లీషు రాదు.
ఇంగ్లండు రాజులు మాత్రం మెడ ఒంపుతో సహా తెలుసు.
నరసాపురం రేవుకెళ్ళే సందులో కొట్టు,
కుంపటి ముందు నేను,
నోట్లో ఊదుగొట్టం, నాకు తొమ్మిదో ఏడు.

"ఇదిగో, కొప్పు ముడిచిన పిల్ల. కుంపెనీ నాటిది.
ఇదీ ఆ పిల్లే, కిరీటం పెట్టాక. మెడకింద గొలుసులు చూడు,
బరువుకి గడ్డం దిగింది.
వీడు ఆవిడ కొడుకు, బట్టతల. ముసలాడయ్యేదాకా
తల్లి కుర్చీ ఖాళీ చెయ్యలేదు పాపం."

తల్లి ఎడమకి చూస్తే కొడుకు కుడికి.
మనవడు మళ్ళీ ఎడమకి.
కొత్త రాజు పాత రాజుకి వీపు పెట్టాలంట, ఆచారం.
వాటాలప్పుడు అన్నదమ్ములు కూర్చున్నట్టు.

మనవడి అంగీ మీద ఏనుగుని చెక్కబోతే
తొండం కురచై పంది అయి కూచుంది.
జనం చీదరించుకున్నారు, సర్కారు వెనక్కి లాక్కుంది.
ఒకటి మాత్రం తాత డబ్బాలో
గురిగింజల కింద దాక్కుంది.

ఆ తర్వాతవాడికి రూపాయే లేదు.
ఒక ఆడమనిషి కోసం ఏడాది నిండకుండా గద్దె దిగాడట.
తమ్ముడొచ్చాడు. తండ్రిలాగే ఎడమకి చూశాడు,
మధ్యలో ఒకడు కుడికి చూసి వెళ్ళిపోయినట్టు లెక్క.
లేని మొహానికి కూడా చోటు వదిలారు.
ఇక్కడికొచ్చేసరికి తాత పని ఆపి చుట్ట వెలిగించేవాడు.

బళ్ళో సామ్యేలు మాస్టారు ఎక్కంలా వల్లె వేయించేవారు:
నార్మన్లు, ప్లాంటాజెనెట్లు, ఎర్ర గులాబీ, తెల్ల గులాబీ,
ట్యూడర్లు, స్టువర్టులు,
జర్మనీ నుంచి తెచ్చుకున్న హనోవర్లు,
జర్మనీతోనే యుద్ధం వచ్చి
ఇంటిపేరు మార్చేసుకున్న విండ్సర్లు.
తాతకి నవ్వాగలేదు:
"ఇంటిపేరు మార్చుకోడానికి
రాజుగోరికేమన్నా పెళ్ళయిందా?"
నానమ్మ నవ్వలేదు. తిరగలి ఆపి
ఆయన్నోసారి చూసి, మళ్ళీ తిప్పింది.

ఎనభై ఆరు వరద తీసిన నెలకి
లంకలోంచి కడలి నాగరత్తమ్మ వచ్చింది,
కొంగులో పద్దెనిమిది రూపాయలు, కొక్కేలు అతికినవి.
"కరిగించెయ్యండి ఆచారిగోరూ, ఇంటి మీదకి రేకులు కొనాలి."

తాత గీటురాయి మీద ఒక్కొక్కరినీ గీశాడు.
రాణి తెల్లగా పలికింది. బట్టతలా పలికాడు.
చివరి జార్జి దగ్గర గీత మసకేసింది.
"యుద్ధంలో సగం వెండి మింగేశాడమ్మా,
వీడికి సగమే కట్టగలను."
"రాజుక్కూడా కరువొచ్చిందా" అంది,
ఆశ్చర్యమేం లేదు గొంతులో.

ఒకటి మాత్రం వేలితో పక్కకి జరిపింది.
కొప్పు పిల్ల. అరిగి అరిగి కన్ను లేదు.
"మా ముత్తవ్వ కాలవ తవ్విన కూలండి. రోజుకో అణా.
పదహారు రోజుల మన్నుకి ఈవిడొచ్చింది.
ఇది వద్దు."

నేను ఊదాను.
మూసలో రాజులెలా కరుగుతారో చూశాను కాబట్టి చెప్తాను:
ముక్కు ముందు పోతుంది. తర్వాత గడ్డం.
కిరీటం కాస్త ఆలస్యం. అక్షరాలు చివర్న,
అవేమిటో కూడబలుక్కునేలోపు అంతా నీరు,
నాయనమ్మకీ మనవడికీ మధ్య గట్టు లేని నీరు.
చల్లారాక చూస్తే జానెడు కడ్డీ.

ఇప్పుడా కొట్టులో ఫోన్లు బాగుచేస్తున్నారు.
నిన్న రేవులో పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి
గోదాట్లోకి విసురుతున్నారు.
మేకులు, పడవ చీలలు, ఒక రూపాయి.
లాగూకి తుడిచి చూపించారు:
ఆఖరి జార్జి, నలభై ఏడు, వెనక పులి.
వెండి అయిపోయి నికెల్‌తో కొట్టినవాడు,
అందుకే వాడొక్కడే అతుక్కున్నాడు.

"ఇంకా ఉంటాయాండీ?" అన్నాడో బుడ్డోడు.
ఉంటాయి. అడుగున ఒండ్రులో రాణులున్నారు,
వెండి మనుషులు, అయస్కాంతం పిలిస్తే పలకరు.
ఆ మాట చెప్పేలోపే
వాడు మళ్ళీ విసిరాడు.